ఎత్తినవాడిదే బాకీ

నాగరిక సమాజంలో ఒక మనిషిని గుర్తుపట్టడానికి ఎన్నో పద్ధతులున్నాయి. ముఖం చూసి గుర్తుపడతారు. వేలిముద్ర చూసి గుర్తుపడతారు. నడక చూసి, వీధి మొదట్లో ఉండగానే, ఫలానావాళ్ల అబ్బాయి వస్తున్నాడని చెప్పేసేవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ పొరబాటుకు ఆస్కారమున్న పాత పద్ధతులు. అప్పులు వసూలు చేసే కంపెనీవారి పద్ధతికి మాత్రం పొరబాటంటే తెలియదు. ఫోన్ మోగుతుంది. ఎవరు ఎత్తితే వారే బాకీదారు. (ఎత్తనివారిని ఆ కంపెనీ కాగితాల్లో "ప్రస్తుతం అందుబాటులో లేని గౌరవనీయ ఖాతాదారులు" అని రాసుకుంటారు.)

ఈ పద్ధతిలోని గొప్పతనం డిగ్రీకి అనుభవంమీద తెలిసివచ్చింది.

డిగ్రీ అంటే ఇక్కడ చదువు కాదు, మనిషి. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. కాని వాళ్ల వంశంలో కాలేజీ గడప తొక్కి, తొక్కినవాడు మధ్యలో వెనక్కి తిరక్కుండా పూర్తిచేసి బయటికొచ్చినవాడు అతనొక్కడే కావడంతో, పట్టా చేతికొచ్చిన సాయంత్రమే నాన్న ఆ పేరు ఖాయం చేశాడు. నాన్న ప్లంబరు. ఎవరింట్లోనో స్నానాలగది మూల కూర్చుని, కారుతున్న గొట్టాన్ని ఒక చేత్తో నొక్కిపట్టుకుని, "డిగ్రీ, ఆ పానా ఇటివ్వు" అన్నప్పుడల్లా ఆయన గొంతులో ఒక విజయం వినిపించేది. ఇంటివాళ్లు ఏ డిగ్రీ అని అడిగితే ఇంకా బావుండునని ఆయనకుండేది. ఎవరూ అడిగేవారు కారు. వాళ్లకు నీళ్లు రావడం ముఖ్యం.

అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. బడిపిల్లల యూనిఫారాలు, కర్టెన్లు, దిండు గలీబులు. చెల్లి కాలేజీలో చదువుతోంది, తీరిక దొరికినప్పుడల్లా అన్నయ్యను ఆటపట్టించడం కూడా చదువులో భాగంగానే భావిస్తోంది.

నీళ్ల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగానికి డిగ్రీ పరీక్ష రాశాడు. బాగానే రాశాడు. నాన్న జీవితమంతా ఏ నీళ్లకోసం నేలమీద బోర్లా పడుకున్నాడో, ఆ నీళ్ల లెక్క కొడుకు కుర్చీలో కూర్చుని రాయబోతున్నాడు. ఆ ఊహకే నాన్న మోకాళ్ల నొప్పులు కొంత తగ్గాయి. ఫలితాల గురించి ఆఫీసువారి ప్రకటన గోడమీద అంటించి ఉంది. ఎంపికైన అభ్యర్థికి ఫోన్ ద్వారా తెలియజేయబడును. ఫోన్ ఏ నంబరునుండైనను రావచ్చును. ఒక్కసారి మాత్రమే వచ్చును. అభ్యర్థి ఎత్తనిచో గాని, లైను ఖాళీ లేనిచో గాని, ఉద్యోగమునందు ఆసక్తి లేనట్లు భావించి తర్వాతి అభ్యర్థికి అవకాశమివ్వబడును.

"సర్కారు పనికి సొంత నంబరుండాలిరా. నా ఫోన్ నేను గోడ తొలుస్తుంటే వినపడదు" అని నాన్న మొదట్లోనే అన్నాడు. అలా అప్లికేషన్ పెట్టేముందే డిగ్రీ కొత్త సిమ్ కొన్నాడు. సిమ్ కొత్తదే గాని నంబరు పాతది, ఎవరో వాడి వదిలేసినది. తేలిగ్గా గుర్తుండిపోయే నంబరని దుకాణంవాడు ప్రత్యేకంగా మెచ్చుకుని మరీ ఇచ్చాడు. (గుర్తుంచుకున్నవాళ్లు అప్పటికే చాలామంది ఉన్నారన్న సంగతి చెప్పడం అతని పని కాదు.)

మొదటి ఫోన్ ఒక పొద్దున వచ్చింది. డిగ్రీ లేచి నిలబడి, గొంతు సవరించుకుని ఎత్తాడు.

"నమస్తే సార్" అంది ఒక అమ్మాయి, చాలా తియ్యగా. ఎవరిదో పేరు చదివింది. "మీ వాషింగ్ మెషీన్ వాయిదా గురించి మాట్లాడుతున్నాను సార్."

"మా ఇంట్లో వాషింగ్ మెషీన్ లేదండి."

"అమ్మేశారా సార్?"

"అసలు కొనలేదండి. ఆ పేరు నాది కాదు. ఇది రాంగ్ నంబరు."

"నోట్ చేసుకున్నాను సార్. వాయిదా ఏ రోజు కడుతున్నారు?"

డిగ్రీ మర్యాదస్తుడు. మళ్లీ మొదటినుంచి చెప్పాడు. ఆ అమ్మాయీ మర్యాదస్తురాలే. మళ్లీ మొదటినుంచి అడిగింది. కంపెనీ నియమావళిలో "రాంగ్ నంబరు అనుట" మొదటి తరగతి సాకు. "ఆ వ్యక్తి నాకు తెలియదనుట" రెండో తరగతి. "ఆ వ్యక్తి మరణించెననుట" మూడో తరగతి. దాన్ని అంగీకరిస్తారు గాని, మరణించిన వ్యక్తి స్వయంగా వచ్చి సంతకం చేయాలి.

ఇక్కడ రెండు చట్టాల గురించి చెప్పుకోవాలి.

ఒకటి ఆ ఇంటి చట్టం. అది అమ్మ చేసింది. ఫోన్ చేసినవాళ్లే ఫోన్ పెట్టెయ్యాలి. మనం ముందు పెట్టేస్తే గుమ్మంలోకొచ్చిన మనిషి మొహానే తలుపేసినట్టని అమ్మ నమ్మకం. పొరబాటున వచ్చిన ఫోన్‌కైనా ఇందులో మినహాయింపు లేదు. రెండోది కంపెనీ చట్టం. ఖాతాదారు పెట్టేవరకు ఉద్యోగి ఫోన్ పెట్టరాదు. పెడితే జీతంలో కోత.

ఈ రెండు చట్టాలు ఒకదానికొకటి ఎదురుపడటం చరిత్రలో అదే మొదటిసారి కావచ్చు.

మధ్యాహ్నానికి కూడా ఆ ఫోన్ పూర్తికాలేదు. డిగ్రీ గొంతు బొంగురుపోతే చెల్లి మాట్లాడింది, చెల్లి కాలేజీకి వెళ్లిపోతే అమ్మ అందుకుంది. అమ్మ ఫోన్‌ను స్పీకర్లో పెట్టి మిషన్ మీద దారపుకండెల పక్కన పడుకోబెట్టింది.

"ఆ చప్పుడేంటి మేడమ్?"

"మిషన్ అమ్మా. కర్టెన్ అంచు కుడుతున్నా. నువ్వు తిన్నావా?"

"ఇంకా లేదు మేడమ్. ఫోన్ మధ్యలో లేవకూడదు."

"అయ్యో, పెట్టేసి తినవచ్చుగా."

"మీరు పెట్టేయండి మేడమ్, తింటాను."

"నువ్వు చేశావు కదమ్మా. నేనెలా పెడతాను, బావుంటుందా?"

డిగ్రీ గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. లైను ఖాళీ లేనిచో అన్న మాట అతనికి గోడమీద కనిపిస్తోంది. ఫోన్ దగ్గర వంగి బతిమాలాడు. "ఏమండీ, నాకు ఉద్యోగం ఫోన్ రావాలి. దయచేసి మీరు పెట్టేయండి."

"మీరే పెట్టేయండి సార్. కాకపోతే అది తిరస్కారం కింద నమోదవుతుంది. అప్పుడు మిమ్మల్ని గట్టిగా మాట్లాడే విభాగానికి పంపిస్తారు. వాళ్లు ఇంకా ఎక్కువసార్లు చేస్తారు సార్. నా మాట వినండి, నాతోనే ఉండిపోండి."

సాయంత్రం చార్జింగ్ అయిపోయి ఫోన్ తనంతట తనే కన్నుమూసింది. ఏ చట్టానికీ భంగం కలగలేదు.

"అన్నయ్యా, ఉద్యోగం రాకముందే నీకు అప్పు వచ్చేసింది. అందరికంటే ఒక అడుగు ముందున్నావు" అంది చెల్లి.

మర్నాడు డిగ్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పట్టా కాగితం కూడా వెంట పెట్టుకుని (చదువుకున్నవాణ్ని నమ్ముతారని అతని ఉద్దేశం) కంపెనీ ఆఫీసుకు వెళ్లాడు. గోడల నిండా నవ్వుతున్న కుటుంబాల బొమ్మలు. ఒక్కో కుటుంబం ఒక్కో వస్తువు పక్కన నిలబడి నవ్వుతోంది. స్పందనాధికారి అనే ఆయన కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు.

"మీరు ఆయన కాదంటారు" అన్నాడు.

"కాదండి. ఇదుగోండి నా పట్టా, నా గుర్తింపు కార్డు."

"ఇవి మీరు మీరేనని చెబుతున్నాయి. కాదనను. మీరు ఆయన కాదని చెప్పే కాగితం కావాలి."

"అది ఎవరిస్తారండి?"

"ఆయనే ఇవ్వాలి."

"ఆయన ఎక్కడున్నాడండి?"

"అది తెలిస్తే మిమ్మల్ని ఎందుకు పిలుస్తాం తమ్ముడూ."

డిగ్రీకి ఈ జవాబులో తప్పెక్కడుందో కనిపించలేదు. చదువుకున్నవాడు కాబట్టి మరో వైపునుంచి ప్రయత్నించాడు. "ఆయన కొత్త నంబరు కనుక్కోవచ్చు కదండి."

"ఉంది. చేశాం. ఆయన ఎత్తలేదు. ఎత్తనివాళ్ల వెంట పడితే మా సిబ్బంది లెక్క పడిపోతుంది. రోజుకు ఎంతమందితో మాట్లాడామన్నదే ఇక్కడ లెక్క, ఎవరితో అన్నది కాదు. మీరేమో మొదటి రింగుకే ఎత్తుతారు. పైగా అమ్మగారు తిన్నావా అని అడుగుతారట. మీ నంబరుకోసం లోపల మావాళ్లు పోటీలు పడుతున్నారు." ఆయన గొంతు తగ్గించాడు. "మీరు మంచివాళ్లలా ఉన్నారు కాబట్టి చెబుతున్నా. కొన్నాళ్లు ఎత్తడం మానెయ్యండి. గౌరవనీయ ఖాతాదారుల్లో కలిపేస్తాం."

"మానలేనండి. నాకు ఉద్యోగం ఫోన్ రావాలి."

"మరింకేం. మీరూ ఎదురుచూస్తున్నారు, మేమూ చేస్తున్నాం" అని స్పందనాధికారి తృప్తిగా లేచి కరచాలనం చేశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చర్చ జరిగింది. ఒక వాయిదా కట్టేస్తే నెల్లాళ్లు ఊరుకుంటారేమోనని నాన్న మెల్లగా అన్నాడు.

"ఎవడో బట్టలుతుక్కుంటే మనం కట్టడమేంటి నాన్నా? పోనీ ఆ మెషీనన్నా మనింటికి పంపించమను" అంది చెల్లి.

"ఒకసారి కడితే మనదేనని ఒప్పుకున్నట్టవుతుంది నాన్నా" అన్నాడు డిగ్రీ. తను బాకీదారు కాదన్నది ఒక్కటే ప్రస్తుతం తనకున్న ఆస్తి అని అతనికి అనిపించింది.

దారి అమ్మ కనిపెట్టింది. మర్నాడు తియ్యగొంతు అమ్మాయి ఫోన్ చేయగానే సూటిగా బేరం పెట్టింది. "చూడమ్మా, నీకు రోజూ మాతో మాట్లాడినట్టు లెక్క కావాలి. మావాడికి లైను ఖాళీగా కావాలి. ఆఫీసులన్నీ మూసేశాక చెయ్యి. ఎంతసేపు కావాలంటే అంతసేపు మాట్లాడుకుందాం. పొద్దుపోయాక ఆ ఫోన్ చచ్చిపోయేదాకా నేను చార్జింగ్ పెట్టను. నీకూ మాట రాదు, నాకూ మాట రాదు."

"సరే మేడమ్."

"మేడమేంటి, పిన్నీ అను."

"వరసలు కలపకూడదని రూలుంది పిన్నీ" అంది ఆ అమ్మాయి.

అక్కణ్నుంచి ఆ ఇంట్లో కొంతకాలం శాంతి నెలకొంది. పగలంతా ఫోన్ ఖాళీగా, సిద్ధంగా, మిషన్ పక్కన పడి ఉండేది. సాయంత్రం కాగానే పిన్నీ, ఆ అమ్మాయీ మాట్లాడుకునేవారు. ఆ అమ్మాయి హాస్టల్ గదికి కర్టెన్ లేదని తెలిసి, అమ్మ కిటికీ కొలతలు ఫోన్లోనే తీసుకుంది. ఆ అమ్మాయి తాత్కాలిక ఉద్యోగి అనీ, మూణ్నెల్లుగా హాస్టల్ గది అద్దె కట్టలేదనీ, అద్దెకోసం తనకూ ఫోన్లు వస్తాయనీ, అవి తను ఎత్తదనీ తెలిసింది. మధ్యలో ఒకసారి నియమం ప్రకారం, "పిన్నీ, వాయిదా ఎప్పుడు కడతారు?" అని అడిగేది. "చూద్దాంలే అమ్మా, ఆ కిటికీకి కడ్డీ ఉందా, మేకులా?" అనేది అమ్మ. నాన్న కూడా మధ్యలో తల దూర్చి, హాస్టల్లో కుళాయి కారుతుంటే వాషర్ ఎలా మార్చాలో చెప్పేవాడు. ఇదంతా వసూలు చర్చ కింద రికార్డవుతుండేది.

మంచితనం ఎక్కడా వృథా పోదు. నెల తిరిగేసరికి కంపెనీవారు ఇద్దరినీ సత్కరించారు. అంతసేపు మాట్లాడి రాబట్టినందుకు (ఏం రాబట్టిందన్నది సత్కారపత్రంలో లేదు) ఆ అమ్మాయికి ప్రమోషన్ ఇచ్చి వేరే ఊరి ఆఫీసుకు పంపారు. డిగ్రీ నంబరును "అత్యుత్తమ స్పందన" తరగతిలోకి ఎత్తారు. ఆ తరగతి నంబరు ఖాళీగా ఉండటం సంస్థకు నష్టం కాబట్టి, అందుబాటులో లేని మరికొందరు గౌరవనీయుల బాకీలు కూడా దానికే జతచేశారు. ఇప్పుడు డిగ్రీ ఒక ఫ్రిజ్‌కి, ఒక డబుల్ కాట్ మంచానికి, ఎవరివో దంతాల వైద్యానికి జవాబుదారీ.

ఫోన్లు మళ్లీ పగలే మొదలయ్యాయి. ఈసారి చేసేది గట్టిగా మాట్లాడే విభాగం. వాళ్లకు పిన్నీ బాబాయిలతో పని లేదు. అమ్మ చట్టాన్ని పక్కన పెట్టక తప్పలేదు.

"నువ్వు చదువుకున్నవాడివి. నువ్వు పెట్టేస్తే ఏదో పనిలో ఉన్నాడనుకుంటారులే" అని కొడుక్కి మాత్రం సడలింపు ఇచ్చింది. తను వంటగదిలోకి వెళ్లిపోయేది, వినపడకుండా.

డిగ్రీ రాటుదేలాడు. ఎత్తడం, రాంగ్ నంబరండీ అనడం, పెట్టెయ్యడం. లైను మళ్లీ ఖాళీ. ఈ వేగానికి గట్టి విభాగం ఇబ్బంది పడింది. వాళ్లు ఆ నంబరు పాత రికార్డులు తీసి విన్నారు. అమ్మకు కొడుకు గురించి చెప్పుకోవడమంటే ఇష్టం. కొడుకు అసలు పేరు, ఇంటిపేరుతో సహా, నాన్న పేరు, చదివిన కాలేజీ, నీళ్ల ఆఫీసు పరీక్ష, రావలసిన ఫోన్, ఆ ఫోన్ వస్తే కుట్టించాలనుకుంటున్న కొత్త ప్యాంటు రంగు, అన్నీ తియ్యగొంతు అమ్మాయికి చెప్పేసి ఉంది.

ఒక పొద్దున ఫోన్ మోగింది.

"నీళ్ల ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం" అంది ఒక నిండైన గొంతు. డిగ్రీ అసలు పేరు, ఇంటిపేరుతో సహా, చదివింది. "అభ్యర్థి మీరేనా?"

డిగ్రీ లేచి నిలబడ్డాడు. అమ్మ మిషన్ ఆపింది. నాన్న చేతిలోని పానా కింద పెట్టి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు.

"నేనేనండి."

"ఈ నంబరు మీదేనని ధ్రువీకరిస్తున్నారా?"

"ధ్రువీకరిస్తున్నానండి."

"సంతోషం. డబుల్ కాట్ మంచం రెండు వాయిదాలు ఎప్పుడు కడుతున్నారు?"

నాన్న తువ్వాలు మళ్లీ చుట్టుకున్నాడు.

ఆ వారంలో నీళ్ల ఆఫీసు నుంచి అలా చాలా ఫోన్లొచ్చాయి. ఒక గొంతు అభినందనలు కూడా చెప్పింది. ఒక గొంతు జీతం ఎంతో చెప్పి, అందులోంచి ఫ్రిజ్‌కి ఎంత పోతుందో లెక్కకట్టి వినిపించింది. ప్రతిసారీ డిగ్రీ లేచి నిలబడ్డాడు, ప్రతిసారీ కూర్చున్నాడు.

"ఇహ లేవకు అన్నయ్యా. నీళ్ల ఆఫీసు అన్నవాణ్ని అన్నట్టే పెట్టేయ్. నీ పేరు చెబితే ఆ పేరుగలవాళ్లే లేరను. ఎన్నిసార్లు మోసపోతావు?" అంది చెల్లి. ఆమె మాటలో మొదటిసారి ఎగతాళి లేదు.

డిగ్రీకి సబబుగానే తోచింది.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవతల ఒక పెద్దాయన గొంతు, కాస్త దగ్గు, కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"నీళ్ల ఆఫీసు నుంచి బాబూ" అని, డిగ్రీ పేరు ఇంటిపేరుతో సహా నిదానంగా చదివాడు. "ఉన్నారా?"

డిగ్రీ కూర్చునే ఉన్నాడు. "రాంగ్ నంబరండి. ఆ పేరుగలవాళ్లు ఇక్కడెవరూ లేరు" అన్నాడు. చాలా బాగా అన్నాడు. ఎర్రబటన్ మీద బొటనవేలు పెట్టాడు.

"అలాగా. శ్రమ ఇచ్చాను బాబూ, ఏమనుకోకండి" అన్నాడు పెద్దాయన. లైను తెగిపోయింది.

డిగ్రీ తన బొటనవేలి వంక చూసుకున్నాడు. అది ఇంకా నొక్కలేదు.

అమ్మ వంటగదిలోంచి వచ్చింది. "ఏమైందిరా?"

"పెట్టేశారమ్మా."

"ఎవరు, నువ్వా?"

"వాళ్లే."

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది. "వాళ్లంతట వాళ్లే పెట్టేశారంటే, వాళ్లు వసూలువాళ్లు కారురా" అంది.

ఆ నంబరుకు తిరిగి చేస్తే, ఇది బయటికి మాట్లాడే లైను మాత్రమేనని ఒక యంత్రం చెప్పింది. నాన్న అప్పటికే మోపెడ్ బయటికి తీశాడు. వెనక డిగ్రీ, కాళ్ల దగ్గర పనిముట్ల సంచీ, గోతి వచ్చినప్పుడల్లా రెంచీలు గలగలమంటుండగా ఇద్దరూ నీళ్ల ఆఫీసు చేరుకున్నారు. పెద్దాయన మెట్లపక్క గదిలో, లావు కళ్లద్దాలతో, టేబులు మీద పాత ఫోన్‌తో ఉన్నాడు. ఎదుటి బల్లమీద ఎవరో కుర్రవాడు కొత్త ప్యాంటులో కూర్చుని సంతకాలు పెడుతున్నాడు.

"ఆ అభ్యర్థి నేనేనండి" అన్నాడు డిగ్రీ ఆయాసపడుతూ.

పెద్దాయన కాగితం చూసుకున్నాడు. "ఆయన లేరని చెప్పారు బాబూ. తర్వాతి నంబరుకు చేశాం, ఆ అబ్బాయి ఎత్తాడు."

"అలా చెప్పింది నేనేనండి."

"మీరేనా?"

"నేనేనండి. వేరేవాళ్లనుకున్నాను. ఒక్కసారి మళ్లీ అడిగి ఉంటే చెప్పేసేవాణ్ని. మీరు అడగనే లేదు."

పెద్దాయన కొంచెం నొచ్చుకున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, తండ్రీకొడుకులిద్దరినీ ఓపిగ్గా చూశాడు.

"ఎందుకడుగుతాం బాబూ. ఒక మనిషి రాంగ్ నంబరన్నాక నమ్మాలి" అన్నాడు. "ఇది పరువుగల ఆఫీసు."